ప్రోలాగ్ ల్యాబ్: ఆగస్టు నుంచి జనవరి దాకా నా అనుభవం

మాకు ఎంసీఏ మూడో సెమిస్టర్‌లో ఏఐ ల్యాబ్ ఉంది, అందులో సగం ప్రోగ్రాములు ప్రోలాగ్ అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌లో చేయాలి. ఏఐ అంటే చాట్‌బాట్లు చేయిస్తారేమో అనుకుని అందరం హుషారుగానే వెళ్లాం. ఆగస్టు 4 సోమవారం మొదటి ల్యాబ్. సార్ బోర్డు మీద ఒక కుటుంబం బొమ్మ గీసి, ఇంగ్లిష్ పేర్లతో నాలుగు లైన్లు రాసి, "దీన్ని లాజిక్ ప్రోగ్రామింగ్ అంటారు, ఎలా చేయాలో చెప్పక్కర్లేదు, ఏది నిజమో చెబితే చాలు, జవాబు అదే వెతుక్కుంటుంది" అన్నారు. ఆ మాట సగమే నిజం, మిగతా సగం తెలిసేసరికి నాకు దసరా దాటింది. వచ్చే బ్యాచ్ వాళ్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

ముందు ఖర్చు సంగతి, ఎందుకంటే మా హాస్టల్లో మొదట నడిచిన చర్చ అదే. హనుమకొండ నయీంనగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు ప్రోలాగ్‌కు వేరే బ్యాచ్ పెడతాం, 4,500 అవుతుంది అన్నారు. మా రూమ్‌లో ఇద్దరు కట్టేశారు, నేను కట్టలేదు. సాఫ్ట్‌వేర్‌కు రూపాయి ఖర్చు లేదు. ఎస్‌డబ్ల్యూఐ ప్రోలాగ్ అని ఉంటుంది, ఆమ్‌స్టర్‌డామ్‌లో 1987లో మొదలైంది, ఉచితం, పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. ల్యాప్‌టాప్ లేనివాళ్లకు బ్రౌజర్‌లోనే నడిచే స్విష్ అనేది ఉంది, ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది. మొత్తం మీద నాకు అయింది రికార్డు బుక్కు, జిరాక్సులు, చివర్లో ప్రింట్లు, అన్నీ కలిపి 350 లోపే. ఊరికి వెళ్లి రావడానికి ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు జీరో టికెట్ కాబట్టి అదీ లెక్కలోకి రాదు.

మొదటి రెండు వారాలు మాత్రం చిరాకు. ల్యాబ్‌లో సిస్టమ్స్ ఆన్ అవడానికే పది నిమిషాలు పట్టేది, సగం వాటిలో ప్రోలాగ్ ఇన్‌స్టాల్ అయి లేదు, ఇద్దరిద్దరం ఒక సిస్టమ్ ముందు కూర్చోవాలి. తెరిస్తే ఒక ప్రశ్నార్థకం, పక్కన ఒక అడ్డగీత, అంతే. దాని ముందు మనం చెప్పే నిజం టైప్ చేస్తే, అంటే ఫలానా ఆయన ఫలానా ఆయనకు తండ్రి అని కొడితే, అలాంటిదేం నాకు తెలియదని ఎర్రటి అక్షరాల్లో తిడుతుంది. రూల్ టైప్ చేస్తే, రూల్స్ ఫైల్ నుంచే లోడ్ చేయాలి అంటుంది. కారణం ఏంటంటే ఆ గుర్తు దగ్గర మనం ఏం రాసినా అది ప్రశ్న కిందే లెక్క. చెప్పాల్సినవి ఫైల్లో రాయాలి, అడగాల్సినవి ఇక్కడ రాయాలి. ఇంత చిన్న విషయం ఎవరూ చెప్పకపోవడం వల్ల మా బ్యాచ్‌లో సగం మందికి మొదటి ల్యాబ్ ఎర్ర అక్షరాలతోనే అయిపోయింది.

ఇంకో మూడు విషయాలు కూడా ఇక్కడే చెప్పేస్తా. ప్రతి వాక్యం చివర చుక్క పెట్టాలి, పెట్టకుండా ఎంటర్ కొడితే ఒక నిలువు గీత వచ్చి అది ఊరికే అలా ఎదురు చూస్తూ కూర్చుంటుంది, హ్యాంగ్ అయిందనుకుని సిస్టమ్ ఆఫ్ చేసినవాళ్లు ఉన్నారు. జవాబు వచ్చాక కర్సర్ ఆగిపోతే ఇంకా జవాబులు ఉండొచ్చని అర్థం, సెమీకోలన్ కొడితే తర్వాతది ఇస్తుంది. మూడోది అన్నిటికంటే ముఖ్యం: ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు పెద్ద అక్షరంతో మొదలయ్యేదంతా వేరియబులే. వరంగల్ అని పెద్ద అక్షరంతో రాశారనుకోండి, అది ఊరు కాదు, ఏ ఊరైనా అందులో పట్టే ఖాళీ డబ్బా. నా పక్కన కూర్చున్న అమ్మాయి ఏ ప్రశ్న వేసినా నిజమే అని వస్తుంటే గంటసేపు సంతోషపడింది పాపం. ఎస్‌డబ్ల్యూఐ ప్రోలాగ్ తెలుగు అక్షరాలను ఒప్పుకుంటుంది. తెలుగులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం లేవు కాబట్టి వేరియబుల్ పేరు ముందు కింది గీత పెడితే సరిపోతుంది. ల్యాబ్‌లో ఇంగ్లిష్‌లోనే రాయాలి, ఇక్కడ మాత్రం తెలుగులో రాస్తా.

వినాయక చవితికి ఊరికి వెళ్లా, మాది పరకాల దగ్గర. అప్పటికి ఫ్యామిలీ ట్రీ ప్రోగ్రామ్ రికార్డులో రాయాలి. పుస్తకంలో అంకుల్, కజిన్ అని ఉంది. ఆ రూల్స్ ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కలేదు, మన ఇళ్లలో ఆ లెక్క లేనే లేదు కదా. అమ్మ తమ్ముడు మామ, నాన్న తమ్ముడు చిన్నాయన, ఒకరి కొడుకు బావ అవుతాడు, ఇంకొకరి కొడుకు అన్న అవుతాడు. ఆ లెక్క రానివాళ్లు ఊళ్లో ఎవరూ ఉండరు. దాంతో పుస్తకం పక్కన పెట్టి మా ఇంటి వరసలే రాయడం మొదలుపెట్టా. పేర్లు మార్చి ఇస్తున్నా:

నాన్న(మల్లయ్య, సారయ్య).
నాన్న(మల్లయ్య, కొమురయ్య).
నాన్న(సారయ్య, నరేష్).
నాన్న(కొమురయ్య, సురేష్).

అన్నదమ్ములు(_ఒకరు, _ఇంకొకరు) :- నాన్న(_తండ్రి, _ఒకరు), నాన్న(_తండ్రి, _ఇంకొకరు).

మొదటి నాలుగూ నిజాలు. చివరిది రూల్: ఇద్దరికీ తండ్రి ఒక్కరే అయితే వాళ్లు అన్నదమ్ములు. మధ్యలో ఉన్న చుక్కల గుర్తును "అవుతుంది, ఎప్పుడంటే" అని చదువుకోవాలి, కామాను "ఇంకా" అని చదువుకోవాలి. ఇప్పుడు సారయ్య అన్నదమ్ములెవరని అడిగితే మొదటి జవాబు సారయ్యే! మల్లయ్య సారయ్యకు తండ్రి, మల్లయ్య సారయ్యకు తండ్రి, రెండూ కుదిరాయి కాబట్టి దాని లెక్క ప్రకారం తప్పేం లేదు. ఇద్దరూ వేరు వేరు మనుషులై ఉండాలని మనం చెప్పలేదు కదా. రూల్ చివర ఒక కామా పెట్టి

_ఒకరు \== _ఇంకొకరు

అని చేర్చాలి. చివరే చేర్చాలి. అదే షరతు రూల్ మొదట్లో పెట్టి చూడండి, మళ్లీ సారయ్య వచ్చేస్తాడు, ఎందుకంటే అక్కడికి వచ్చేసరికి _ఇంకొకరు ఇంకా ఖాళీయే, ఖాళీ డబ్బా సారయ్య ఒకటి కాదు కాబట్టి షరతు దాటిపోతుంది, ఆ తర్వాత ఎవరూ పట్టించుకోరు. "ఏది నిజమో చెబితే చాలు" అన్న మాట మీద నాకు మొదటి అనుమానం ఇక్కడే వచ్చింది. ఏ క్రమంలో చెబుతున్నామో కూడా దానికి పట్టింపే.

నేను పేర్లు అడుగుతుంటే నాయినమ్మ పక్కన కూర్చుని అన్నీ చెప్పింది. "గట్లయితే ఎంకటయ్య కొడుకును ఎందుకు రాయలే? ఆయన గూడ నీకు చిన్నాయనే" అంది. వెంకటయ్య మా తాతకు అన్న వరస. నేను రాసిన రూల్‌లో సొంత తమ్ముడైతేనే చిన్నాయన. "తాతలు అన్నదమ్ములైతే మనుమలు గూడ అన్నదమ్ములే బిడ్డా, పాలోళ్లంటే మరేంది?" అని ఆమె అన్న మాటను దాదాపు ఉన్నదున్నట్టు ఎక్కించేశా:

పాలోళ్లు(_ఒకరు, _ఇంకొకరు) :- అన్నదమ్ములు(_ఒకరు, _ఇంకొకరు).
పాలోళ్లు(_ఒకరు, _ఇంకొకరు) :- నాన్న(_న1, _ఒకరు), నాన్న(_న2, _ఇంకొకరు), పాలోళ్లు(_న1, _న2).

సొంత అన్నదమ్ములైతే పాలోళ్లు, లేదంటే వాళ్ల తండ్రులు పాలోళ్లైతే వీళ్లూ పాలోళ్లే. దీన్నే రికర్షన్ అంటారు. సీ లాంగ్వేజ్‌లో దీనికి ఒక సెమిస్టర్ అంతా తల బద్దలు కొట్టుకున్నా, ఇక్కడ రెండు లైన్లలో మా పాలోళ్లందరూ, మూడు తరాల దాకా, సెమీకోలన్ కొట్టినకొద్దీ వచ్చారు. ఒక్క పేరు తగ్గితే నాయినమ్మ పట్టేసింది. పండక్కి వచ్చిన మా మేనబావ "మరి నేనెందుకు లేను అందులో" అని అడిగాడు, వాడి గురించి ఫైల్లో ఒక్క లైన్ కూడా రాయలేదు నేను. ప్రోలాగ్‌లో "ఫాల్స్" అంటే అబద్ధమని కాదు, ఉన్నవాటి నుంచి రుజువు చేయలేకపోయానని మాత్రమే. వైవాలో ఇది తప్పకుండా అడుగుతారు, క్లోజ్డ్ వరల్డ్ అనాలి అక్కడ.

సెప్టెంబర్‌లో లెక్కలు. కొంచెమే చెబుతా. ప్రోలాగ్‌లో సమానం గుర్తు పెట్టి 2+3 అంటే 5 రాదు, 2+3 అనే వస్తుంది. ఆ గుర్తు లెక్క చేయదు, రెండు పక్కలా ఉన్నవి ఒక రూపంలోకి వస్తాయా అని చూస్తుంది, అంతే. లెక్క కావాలంటే "ఈజ్" అని రాయాలి, అది కుడి పక్క ఉన్నదంతా తెలిసి ఉంటేనే పని చేస్తుంది, తెలియని వేరియబుల్ ఉంటే ఎర్రర్. ఇది బట్టీ పట్టినా పర్లేదు.

లిస్టులు మాత్రం నాకు బాగా నచ్చాయి. రెండు లిస్టులను కలిపే రూల్ ఒకటి ఉంటుంది:

కలుపు([], _రెండు, _రెండు).
కలుపు([_తల|_తోక], _రెండు, [_తల|_మిగతా]) :- కలుపు(_తోక, _రెండు, _మిగతా).

[] అంటే ఖాళీ లిస్టు, నిలువు గీతకు ఎడమ పక్కది లిస్టులో మొదటిది, కుడి పక్కది మిగిలిన లిస్టు. దీనికి [1,2], [3] ఇస్తే [1,2,3] ఇస్తుంది, అందులో వింతేం లేదు. తిరగేసి అడగండి: ఏ రెండిటిని కలిపితే [1,2,3] వస్తుంది? ఖాళీ లిస్టుతో మొదలుపెట్టి నాలుగు రకాలుగా విడగొట్టి చూపిస్తుంది. కలపడానికి రాసిన రూలే విడగొట్టడానికీ పనికొచ్చింది, కొత్తగా ఒక్క అక్షరం రాయకుండా. మిగతా లాంగ్వేజ్‌లలో ఇది నేను ఎక్కడా చూడలేదు. ఆ రాత్రి హాస్టల్లో కరెంటు పోయినా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉన్నంతసేపు దానితోనే ఆడుకుంటూ కూర్చున్నా.

ఇక అసలు కష్టం. దసరా సెలవుల తర్వాత ఇంటర్నల్ ఉంది, దానికి దారులు వెతికే ప్రోగ్రామ్ తయారు చేసుకొమ్మన్నారు. నేను మా వైపు బస్సులే పెట్టుకున్నా:

బస్సు(హనుమకొండ, పరకాల).
బస్సు(పరకాల, భూపాలపల్లి).
బస్సు(హనుమకొండ, ములుగు).
బస్సు(ములుగు, తాడ్వాయి).
బస్సు(తాడ్వాయి, మేడారం).

వెళ్లొచ్చు(_ఇక్కడ, _అక్కడ) :- బస్సు(_ఇక్కడ, _అక్కడ).
వెళ్లొచ్చు(_ఇక్కడ, _అక్కడ) :- బస్సు(_ఇక్కడ, _మధ్య), వెళ్లొచ్చు(_మధ్య, _అక్కడ).

హనుమకొండ నుంచి మేడారం వెళ్లొచ్చా అంటే వెళ్లొచ్చు అంది. బాగానే ఉంది. కానీ ఎలా కనుక్కుందో చూడాలంటే ప్రశ్న వేసే ముందు ట్రేస్ అని కొట్టి చుక్క పెట్టాలి, అప్పుడు ఎంటర్ కొట్టినకొద్దీ ఒక్కో అడుగు చూపిస్తుంది. కాల్, ఎగ్జిట్, రీడూ, ఫెయిల్ అని నాలుగే మాటలు వస్తుంటాయి. కాల్ అంటే ఇది రుజువు చేయడానికి దిగుతున్నా, ఎగ్జిట్ అంటే కుదిరింది, ఫెయిల్ అంటే కుదరలేదు, రీడూ అంటే వెనక్కి వచ్చి ఇంకో దారి చూస్తున్నా. మేడారం ప్రశ్నకు అది ముందు పరకాల వెళ్లింది! ఎందుకంటే ఫైల్లో పరకాల లైన్ పైన ఉంది. పరకాల నుంచి భూపాలపల్లి వెళ్లింది, అక్కడి నుంచి ముందుకు బస్సు లేదు, ఫెయిల్, వెనక్కి హనుమకొండ, రీడూ, అప్పుడు ములుగు, తాడ్వాయి, మేడారం. పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి, దొరికిన మొదటి దారిలో చివరి దాకా పోవడం, కుదరకపోతే వెనక్కి రావడం, దానికి తెలిసింది అంతే. ప్రోలాగ్‌లో ఉన్న ఇంజిన్ మొత్తం ఇదే, ఈ ట్రేస్ ఒక్కటి కాగితం మీద చేత్తో రాసుకుంటే కోచింగ్ అక్కర్లేదు.

ఇప్పుడు ఒక్క లైన్ చేర్చండి, పరకాల నుంచి హనుమకొండకు తిరుగు బస్సు. అది నిజమే కదా, ఊరి నుంచి వచ్చేటప్పుడు నేను ఎక్కే బస్సే. చేర్చి మేడారం అడిగితే జవాబు రాదు. హనుమకొండ నుంచి పరకాల, భూపాలపల్లి చూసి వచ్చి, పరకాల నుంచి మళ్లీ హనుమకొండ, మళ్లీ పరకాల, అలా ఆ రెండు ఊళ్ల మధ్యే తిరుగుతుంది, ములుగు వంక చూడనే చూడదు. నేను చెప్పిన నిజాలన్నీ నిజాలే, చెప్పిన రూల్ సరైనదే, అయినా జవాబు లేదు. ఇంకొకలా, రెండో రూల్‌లో వెళ్లొచ్చు ముందు, బస్సు తర్వాత రాస్తే ఇంకా ఘోరం: మంథని లాంటి ఫైల్లో లేని ఊరు అడిగితే లేదని చెప్పే బదులు తనను తానే పిలుచుకుంటూ పోయి, కొన్ని సెకన్ల తర్వాత స్టాక్ లిమిట్, అంటే అది వాడుకోగల మెమరీ హద్దు, 1 జీబీ దాటిందని చెప్పి చేతులెత్తేస్తుంది. ఆ మెసేజ్ మొదటిసారి చూసినప్పుడు ల్యాప్‌టాప్ పాడైందేమోనని టెన్షన్ పడ్డా, ఫ్యాన్ అంత సౌండ్ చేసింది.

దీనికి మందు రెండు రకాలు. ఒకటి, వెళ్లిన ఊళ్లన్నీ ఒక లిస్టులో పెట్టుకుంటూ, ఆ లిస్టులో లేని ఊరికే వెళ్లమని రూల్‌లో చెప్పడం. రెండోది, ఫైల్ పైన టేబుల్ అని ఒక డిక్లరేషన్ పెట్టడం, అప్పుడు ఒకసారి అడిగిన ప్రశ్నను గుర్తు పెట్టుకుని మళ్లీ అందులో పడదు. రెండోది ఒక్క లైన్‌తో అయిపోతుంది, అయితే మా సార్ మొదటిదే రాయమన్నారు, పరీక్షలో టేబుల్ రాస్తే మార్కులు వేస్తారో లేదో నమ్మకం లేదన్నారు. లాజిక్ ప్రోగ్రామింగ్‌కు పునాది వేసినవాళ్లలో ఒకరైన రాబర్ట్ కోవాల్స్కి 1979లో రాసిన ఒక పేపర్‌కు పేరే "అల్గారిథమ్ = లాజిక్ + కంట్రోల్". ఈ ముక్క మొదటి క్లాసులోనే చెప్పి ఉంటే రెండు నెలలు మిగిలేవి. ఏది నిజమో చెప్పడం లాజిక్, అది ఏ క్రమంలో వెతుకుతుందో తెలిసి దానికి తగ్గట్టు రాయడం కంట్రోల్, రెండోది వదిలేస్తే బస్సు పరకాల దాటదు.

నవంబర్ అంతా రికార్డు రాయడమే. వాటర్ జగ్, టవర్స్ ఆఫ్ హనోయ్, ఎనిమిది రాణులు అనే పజిల్స్ ప్రోగ్రాములు, అన్నీ చేత్తో రాయాలి, అవుట్‌పుట్ ప్రింట్లు అతికించాలి. సంతకాల కోసం సార్ రూమ్ బయట ఒక మధ్యాహ్నం మొత్తం నిలబడ్డాం. నాలుగున్నర దాకా ఆగితే రేపు రమ్మన్నారు. రికార్డు చివరి వారానికి వాయిదా వేసుకోకండి, అంతకంటే చెప్పడానికేం లేదు.

ఎక్స్‌టర్నల్ డిసెంబర్ 9న. చీటీ తీస్తే ఫ్యాక్టోరియల్ వచ్చింది, పక్కనవాళ్లకు హనోయ్ వచ్చింది, లక్కీ అన్నారు. ఫ్యాక్టోరియల్ అంటే ఒకటి నుంచి ఆ అంకె దాకా అన్నిటినీ గుణించడం. నిజానికి అందులోనే అసలు తిరకాసు ఉంది. సున్నాకు ఒకటి అని ఒక లైన్, మిగతావాటికి రూల్ ఒకటి రాస్తే 5కి 120 చక్కగా వస్తుంది. ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన సార్ జవాబు చూశారు, తల ఊపారు, ఏమీ అనకుండా వంగి నా కీబోర్డు మీద సెమీకోలన్ కొట్టారు. రూల్‌లో "అంకె సున్నా కంటే పెద్దదైతేనే" అనే షరతు లేకపోతే అది సున్నా దాటి మైనస్ ఒకటి, మైనస్ రెండు అంటూ కిందికి పోయి స్టాక్ లిమిట్ దగ్గరే ఆగుతుంది. బస్సుల పుణ్యమా అని నేను ఆ షరతు పెట్టుకునే ఉన్నా, కాబట్టి ఫాల్స్ అని వచ్చి ఆగింది. "కట్ పెట్టొచ్చుగా?" అన్నారు. కట్ అంటే ఆశ్చర్యార్థకం గుర్తు, అక్కడిదాకా వచ్చాక ఇక వెనక్కి వెళ్లి వేరే దారులు చూడొద్దని చెప్పడం. పెట్టొచ్చు సార్, కానీ నేరుగా మైనస్ అంకె ఇస్తే కట్ కాపాడదు, షరతు కాపాడుతుంది అన్నా. దానికి మళ్లీ తల ఊపారు. తర్వాత ప్రోలాగ్ ఎప్పుడు, ఎక్కడ, ఎవరు తయారు చేశారు అని అడిగారు: 1972, ఫ్రాన్స్‌లోని మార్సే, కోల్మెరోవర్, రూసెల్. మొత్తం వైవా పది నిమిషాలు కూడా కాలేదు, నా వంతు కోసం ఎదురు చూసింది మాత్రం ఉదయం పది నుంచి రెండున్నర దాకా, మధ్యలో భోజనానికి వెళ్తే పేరు పిలుస్తారేమోనని బిస్కెట్లతో గడిపాం.

చీటీల్లో మా బ్యాచ్‌కు వచ్చినవి: ఫ్యాక్టోరియల్, హనోయ్, లిస్టును తిరగేయడం, ఫ్యామిలీ ట్రీ, రెండు ఊళ్ల మధ్య దారి, వాటర్ జగ్. కోచింగ్‌కు వెళ్లిన మా రూమ్మేట్లలో ఒకరికి వాటర్ జగ్ వచ్చింది, బట్టీ పట్టిన ప్రోగ్రామ్‌లో జగ్గుల కొలతలు మార్చి అడిగేసరికి ఇబ్బంది పడింది, అయినా పాసైంది. మార్కులు జనవరి మూడో వారంలో వచ్చాయి, నాకు 50కి 44. రికార్డు మాత్రం ఇంకా డిపార్ట్‌మెంట్‌లోనే ఉంది, నో డ్యూస్ అప్పుడు తీసుకోమన్నారు, కాబట్టి ప్రోగ్రాములు కావాలంటే నన్ను అడగకండి, ఫైళ్లు ఉన్నాయి గానీ అవన్నీ మా ఇంటి పేర్లతో ఉన్నాయి.